మోటార్లు తిరిగితే దారి తప్పే రోవర్

విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర టెస్ట్ చేస్తుంటే, వెళ్లాల్సిన పాయింట్ ఎదురుగానే ఉన్నా మా రోవర్ (కంపాస్ చూసుకుంటూ తనంతట తానే నడిచే చిన్న బండి) పక్కకు లాగేసేది. టీమ్‌లో మావాళ్లు కోడ్ అంతా జల్లెడ పట్టారు. నేను చక్రాలు గాల్లోకి లేపి థ్రాటిల్ పెంచి చూశాను. బండి ఉన్నచోటే ఉంది, స్క్రీన్ మీద కంపాస్ మాత్రం 30 డిగ్రీలు తిరిగింది. దొంగ దొరికాడు!

మన దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు. మోటార్లకు వెళ్లే తీగలో 10 ఆంపియర్ల కరెంట్ పారితే, అది 5 సెంటీమీటర్ల దూరంలో పుట్టించేదీ దాదాపు అంతే. ఇక కంపాస్ ఎవరి మాట వినాలి?

దాన్ని బ్యాటరీ పక్కనుంచి తీసి అడుగున్నర పీవీసీ పైపు మీదకు ఎక్కించాను. స్క్రూలు నైలాన్‌వే వాడండి, ఇనుపవి వద్దు. ప్లస్, మైనస్ వైర్లను జడలా మెలేస్తే వాటి క్షేత్రాలు చాలావరకు రద్దయిపోతాయి. ఆ తర్వాత, పార్క్ చేసిన బైకులకు దూరంగా వెళ్లి కంపాస్‌ను మళ్లీ కాలిబ్రేట్ చేశాం, అంటే సరైన దిక్కు చూపేలా సరిచేశాం. ఇప్పుడు ఫుల్ థ్రాటిల్‌లోనూ తేడా రెండు మూడు డిగ్రీలు దాటట్లేదు.