దెబ్బలు తినకుండా బాక్సింగ్‌తో ఫిట్‌గా మారడం ఎలా?

బాక్సింగ్ అనగానే చాలామందికి రింగు, వాచిన కళ్లు, రక్తం కారే ముక్కు గుర్తొస్తాయి. ఫిట్‌నెస్ కోసం చేసే బాక్సింగ్‌లో మిమ్మల్ని కొట్టేవాళ్లు ఎవరూ ఉండరు. ఎదురుగా ఉండేది బరువైన బ్యాగు, లేకపోతే కోచ్ చేతికి తొడుక్కున్న ప్యాడ్. చాలా రోజులు అదీ ఉండదు, గాలిలోనే పంచ్‌లు వేస్తారు. ఇది మగవాళ్ల వ్యవహారం అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు కానీ, 2012 లండన్ ఒలింపిక్స్ నుంచి మహిళల బాక్సింగ్ కూడా ఒలింపిక్ క్రీడే.

ఇందులో సరదా ఎక్కడుందంటే, చెమట పట్టిస్తూనే ఒక విద్య నేర్పిస్తుంది. ట్రెడ్‌మిల్ మీద ఎప్పుడెప్పుడు అయిపోతుందా అని టైమ్ చూస్తూ ఉంటాం. ఇక్కడ ఆ తీరిక దొరకదు. పాదం ఎక్కడుంది, గడ్డం దించానా, చెయ్యి వెనక్కి వచ్చిందా అనే ధ్యాసలోనే రౌండ్ గడిచిపోతుంది.

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, పాత భుజం గాయం లేదా మణికట్టు గాయం ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాలి.

1. ముందు నిలబడటం నేర్చుకోండి

గ్లవ్స్ కొనడానికి తొందరపడకండి. మొదటి వారం, పది రోజులు ఏమీ అక్కర్లేదు. అద్దం ముందు కాస్త ఖాళీ ఉంటే చాలు.

కుడిచేతి వాటం వాళ్లు ఎడమ కాలు ముందుకు పెట్టాలి. దీన్ని ఆర్థొడాక్స్ అంటారు. ఎడమచేతి వాటం వాళ్లకు కుడి కాలు ముందుంటుంది, అది సౌత్‌పా. రెండు పాదాల మధ్య భుజాల వెడల్పు దూరం ఉంచండి. రెండూ ఒకే గీత మీదకు వస్తే పక్కనుంచి ఎవరైనా వేలితో నెట్టినా తూలిపోతారు. మోకాళ్లు కొద్దిగా వంచి, వెనక మడమను నేల నుంచి కాస్త లేపండి. పిడికిళ్లు చెంపల దగ్గర, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉండాలి. గడ్డం కిందికి దించండి.

ఇప్పుడు అలాగే కదలండి. ముందుకు వెళ్లాలంటే ముందు కాలు మొదట, వెనక్కి రావాలంటే వెనక కాలు మొదట. ఎడమకు వెళ్లాలంటే ఎడమ పాదం, కుడికి వెళ్లాలంటే కుడి పాదం. కాళ్లు ఒకదాన్నొకటి దాటకూడదు. చదవడానికి ఇంత తేలికగా ఉంది కదా, 2 నిమిషాలు ఆపకుండా చేసి చూడండి, పిక్కలు పట్టేస్తాయి.

2. నాలుగు పంచ్‌లు, అన్నీ కాలి నుంచే

కొత్తవాళ్లు భుజం బలంతో కొడతారు. అందుకే నిమిషంలో చేతులు బరువెక్కిపోతాయి. పంచ్ పుట్టేది పాదంలో. నేలను తన్నిన బలం కాలి మీదుగా నడుముకు, అక్కడి నుంచి భుజానికి, చివరికి పిడికిలికి చేరుతుంది. ఈ ఒక్కటి అర్థమైతే బాక్సింగ్ చేతుల వ్యాయామం కాదని, ఒళ్లంతటికీ పని చెప్పేదని తెలుస్తుంది.

జాబ్: ముందున్న చేత్తో వేసే తిన్నటి పంచ్. మోచెయ్యి పక్కకు లేవకుండా చెయ్యి సూటిగా వెళ్లాలి, చివర్లో అరచెయ్యి నేలవైపు తిరగాలి. తడి తువ్వాలును విదిలించినట్టు వెళ్లి, వెళ్లిన దారిలోనే చెంప దగ్గరికి వచ్చేయాలి. మొదటి మూడు రోజులు ఇదొక్కటే చేసినా నష్టం లేదు. బాక్సర్లు ఎక్కువగా వాడేది దీన్నే.

క్రాస్: వెనక చేత్తో వేసే తిన్నటి పంచ్. వెనక మడమ పైకి లేచి బయటి వైపుకు తిరుగుతుంది, దాంతో నడుము తలుపు తెరుచుకున్నట్టు ముందుకు తిరుగుతుంది. చెయ్యి ఆ తర్వాతే కదలాలి.

హుక్: మోచెయ్యిని భుజం ఎత్తుకు లేపి, 90 డిగ్రీల దగ్గర వంచి, పక్కనుంచి తిప్పి కొట్టేది. అప్పర్‌కట్: మోకాళ్లు కాస్త వంచి లేస్తూ కిందినుంచి పైకి వేసేది. ఈ రెండూ జాబ్, క్రాస్ కుదిరాకే.

ప్రతి పంచ్‌కీ 'హుష్' అంటూ ముక్కుతోనో నోటితోనో గాలి వదలండి. ఊపిరి బిగబట్టడం కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు, త్వరగా అలసిపోవడానికి అదే కారణం. ఒక చెయ్యి కొడుతుంటే రెండోది చెంప దగ్గరే ఉందో లేదో అద్దంలో చూసుకుంటూ ఉండండి.

కోచ్‌లు పంచ్‌లను అంకెలతో పిలుస్తారు. 1 అంటే జాబ్, 2 అంటే క్రాస్, 3 అంటే ముందు చేతి హుక్. ఎవరైనా '1-2', '1-1-2', '1-2-3' అని కేకేస్తుంటే వెంటనే కొట్టడం మంచి ఆటలా ఉంటుంది. ఇంట్లో పిల్లలుంటే ఆ పని వాళ్లకు అప్పగించండి.

3. చేతులకు పట్టీలు చుట్టుకోండి

బ్యాగు దగ్గరికి వెళ్లేముందు హ్యాండ్ ర్యాప్స్ తప్పనిసరి. గ్లవ్స్ ఉన్నాయి కదా అని వీటిని వదిలేయకండి. చేతిలో చిన్న చిన్న ఎముకలు చాలా ఉంటాయి, వాటిని కదలకుండా పట్టి ఉంచేది ఈ పట్టీయే. పెద్దవాళ్లకు సుమారు నాలుగున్నర మీటర్ల పొడవున్నది సరిపోతుంది.

వేళ్లు బాగా విప్పి పెట్టండి. పట్టీకి ఉన్న ఉంగరంలాంటి కుట్టును బొటనవేలికి తగిలించి, చేతి వెనకవైపు నుంచి మణికట్టుకు తెచ్చి 3 చుట్లు తిప్పండి. తర్వాత వేలి కణుపుల మీద, అంటే పిడికిలి బిగిస్తే పైకి పొడుచుకొచ్చే ఎముకల మీద, 3 చుట్లు. ఆ తర్వాత వేళ్ల మధ్య నుంచి ఒక్కొక్కసారి తీసి, బొటనవేలి చుట్టూ ఒక చుట్టు తిప్పి, మిగిలింది మళ్లీ మణికట్టు మీద ముగించండి. పిడికిలి బిగిస్తే గట్టిగా, విప్పితే హాయిగా ఉండాలి. వేలి కొసలు తిమ్మిరెక్కుతున్నాయంటే మరీ బిగుతుగా చుట్టారని అర్థం, విప్పి మళ్లీ చుట్టండి.

బ్యాగు కోసం చాలామంది పెద్దవాళ్లకు 12 లేదా 14 ఔన్సుల గ్లవ్స్ బాగుంటాయి. ఔన్సు అంటే 28 గ్రాములు. పట్టీ చుట్టుకున్న చేత్తోనే తొడిగి చూసి తీసుకోండి.

4. బ్యాగును నెట్టకండి, కొట్టండి

చూపుడు వేలు, మధ్యవేలు కణుపులే బ్యాగుకు తగలాలి. బొటనవేలు పిడికిలి లోపల కాదు, బయట, వేళ్ల మీద ఉండాలి. మణికట్టు ముంజేతికి తిన్నగా ఉండాలి. చిటికెన వేలి వైపు తగిలితే ఆ వైపు ఎముక విరిగే ప్రమాదం ఉంది, దానికి బాక్సర్స్ ఫ్రాక్చర్ అనే పేరే ఉంది.

మొదట సగం బలంతోనే కొట్టండి. బ్యాగు ఉయ్యాలలా ఊగిపోతుంటే మీరు దాన్ని నెడుతున్నట్టు. సరిగ్గా తగిలినప్పుడు 'టప్' మని శబ్దం వస్తుంది, బ్యాగు పెద్దగా కదలదు. ఆ శబ్దం మొదటిసారి విన్నప్పుడు కలిగే ఆనందం కోసమే చాలామంది మర్నాడు మళ్లీ వస్తారు.

5. రౌండ్లుగా చేయండి

3 నిమిషాలు పోరు, 1 నిమిషం విశ్రాంతి అనే లెక్క బాక్సింగ్ పోటీల కోసం 1867లో వచ్చిన క్వీన్స్‌బెరీ నియమాల్లోనే ఉంది. కాసేపు ఒళ్లు వంచడం, కాసేపు ఊపిరి తీసుకోవడం అనే ఈ పద్ధతి గుండెకు, ఊపిరితిత్తులకు మంచి సాధన. కొత్తవాళ్లు మాత్రం 2 నిమిషాల రౌండ్లతో మొదలుపెట్టాలి. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి.

మొదటి నెలకు అరగంట ఇలా సరిపోతుంది. 5 నిమిషాలు స్కిప్పింగ్, మోకాళ్ల నొప్పులుంటే దాని బదులు ఉన్నచోటే నడక. తాడు మధ్యలో కాలు పెట్టి పైకి లాగితే పిడులు చంకల దాకా వస్తే అది మీకు సరైన పొడవు. తర్వాత గాలిలో 2 రౌండ్లు, దీన్నే షాడో బాక్సింగ్ అంటారు. బ్యాగు మీద 3 రౌండ్లు. ప్రతి రౌండ్ తర్వాతా నిమిషం విశ్రాంతి. ఆపైన 5 నిమిషాలు స్క్వాట్లు, పుషప్‌లు, ప్లాంక్. చివర 5 నిమిషాలు భుజాలు, పిక్కలు, నడుము సాగదీయడం.

ఒక రౌండ్‌లో ఒకే పని పెట్టుకోవడం మంచిది. మొదటిది జాబ్‌కు, రెండోది కాళ్ల కదలికకు, మూడోది '1-2' వేసి పక్కకు తప్పుకోవడానికి. అన్నీ ఒకేసారి సరిదిద్దుకోవాలనుకుంటే ఏదీ కుదరదు.

వారానికి 3 రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం గానీ, 75 నిమిషాల తీవ్ర వ్యాయామం గానీ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కొట్టేటప్పుడు నాలుగు మాటలకు మించి మాట్లాడలేకపోతే మీది తీవ్ర వ్యాయామమే. రెండో నెలలో రౌండ్‌ను 3 నిమిషాలు చేయండి, అది అలవాటయ్యాక రౌండ్ల సంఖ్య పెంచండి. రెండూ ఒకేసారి పెంచొద్దు.

6. ఎక్కడ ఆగాలి?

మర్నాడు భుజాలు, పిక్కలు సలపడం మామూలే. మణికట్టులోనో కణుపులోనో గుచ్చినట్టు నొప్పి వస్తే మాత్రం ఆ రోజుకు బ్యాగు వదిలేయాలి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపి వైద్య సహాయం తీసుకోవాలి.

కొన్ని నెలలయ్యాక స్పారింగ్ చేయమని ఎవరైనా అడగొచ్చు. ఎదుటి మనిషితో తలపడటం వేరే సంగతి. తలకు తగిలే దెబ్బలు మెదడుకు హాని చేస్తాయి, హెడ్‌గేర్ పెట్టుకున్నా ఆ ప్రమాదం పూర్తిగా పోదు. ఫిట్‌నెస్ కోసం దాని అవసరం లేనే లేదు. 'వద్దు, నాకు ప్యాడ్లు పట్టండి' అని నిస్సంకోచంగా చెప్పండి. ప్యాడ్లతో కోచ్ పిలిచే అంకెలకు స్పందిస్తూ కొట్టడంలో ఆ ఉత్సాహం దాదాపు అంతా దొరుకుతుంది.

ఇంటికొచ్చాక గ్లవ్స్‌ని సంచిలోనే ఉంచేయకండి. బాగా విప్పి గాలి తగిలేచోట ఆరబెట్టండి, పట్టీలు ప్రతిసారీ ఉతకండి. ఆరిన పట్టీలను బొటనవేలి కుట్టు పైకి వచ్చేలా చుట్టి పెట్టుకుంటే, తర్వాతి రోజు చుట్టుకోవడానికి సిద్ధంగా ఉంటాయి.