పులికాట్‌లో బొమ్మ వేయడానికి వెళ్లేముందు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సూళ్లూరుపేట వైపు ఆకాశం గంటకో రంగు మారుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి, స్వర్ణముఖి నీళ్లు వచ్చి పులికాట్ సరస్సు ఉప్పునీళ్లలో కలుస్తాయి. ఆ వెనకే ఫ్లెమింగోలు దిగుతాయి. ల్యాండ్‌స్కేప్‌లు వేసే మనం రంగుల పెట్టె సర్దుకునేది అప్పుడే, పిడుగులూ తుఫాన్లూ వచ్చేదీ అప్పుడే.

ముందు పిడుగు సంగతి. శ్రీహరికోట రోడ్డుకి రెండు పక్కలా బల్లపరుపు నేల. అక్కడ ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) పెట్టుకుని నిలబడితే చుట్టుపక్కల ఎత్తుగా ఉండేది మీరే. మెరుపు మెరిశాక 30 లెక్కపెట్టేలోపు ఉరుము వినిపిస్తే, బొమ్మ ఎంత బాగా వస్తున్నా వదిలేసి కారెక్కి అద్దాలు మూసుకోండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. చెట్టు కింద నిలబడకూడదు. బైకు మీద వెళ్లేవాళ్లు పక్కా భవనం ఎక్కడుందో ముందే చూసుకోండి. ఫోన్‌లో పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఉంటే మంచిది.

నీళ్లు తగ్గినచోట పైపైన ఎండిన అడుసుని నమ్మకండి. “ఆ తెల్లగా మెరిసేచోట కాలు పెట్టబాకండి సార్” అని ఒక జాలరి కేకేసేలోపే నేను మోకాలి దాకా దిగబడ్డాను. అప్పటినుంచి గట్టు దిగాలంటే ముందు వాళ్లని అడుగుతాను.

పక్షులకు దగ్గరగా పోవద్దు. మేసే ఫ్లెమింగోలు తలలెత్తి ఒకేవైపు నడవడం మొదలెట్టాయంటే మనం హద్దు దాటినట్టే, వెనక్కి రండి. దగ్గర్లోని నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులు గూళ్లు కట్టే కాలం ఇంకా సున్నితం. తల్లి బెదిరి లేస్తే గుడ్లు ఎండకీ కాకులకీ దొరుకుతాయి. బైనాక్యులర్స్‌తో చూసి గీసుకోండి.

ఆయిల్ రంగులు వాడేవాళ్లు లిన్‌సీడ్ (అవిసె) నూనె గుడ్డల్ని ఉండచుట్టి కారులో పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి, గుడ్డ దానంతటదే అంటుకోవచ్చు. మూత బిగుతుగా ఉండే రేకు డబ్బాలో నీళ్లు పోసి ముంచండి.

కుంచె నీళ్ల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. మొదటిసారి వెళ్లినప్పుడు నేను కుంచెని సరస్సులోనే జాడించాను. నీలం రంగు దారంలా సాగింది. తిండేమో అనుకుని వేలెడంత చేపపిల్లలు దాని చుట్టూ మూగాయి. ఆ దృశ్యం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. యాక్రిలిక్ రంగంటే ప్లాస్టిక్, కాడ్మియం పసుపులో ఉండేది విషపు లోహం. అందుకే రెండు సీసాలు పెట్టుకోండి, ఒకటి మంచినీళ్లకి, ఒకటి మురికినీళ్లకి. మురికిది మూత బిగించి ఇంటికి తెచ్చి, వెడల్పాటి పళ్లెంలో పోసి, పిల్లలకు అందనిచోట ఎండనివ్వండి. అడుగున మిగిలిన రంగుపొరను గీకి, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయండి.