మీ షాపు వెబ్‌సైట్ మీరే చేసుకోండి, కోడింగ్ అక్కర్లేదు

విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపు అయినా, పటమటలో ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తున్నా, వెబ్‌సైట్ అనగానే మనోళ్ళు ముందు ఎవరికో ఒకళ్ళకి డబ్బులిచ్చి చేయించేద్దాం అనుకుంటారు. నాలుగైదు పేజీల సైటుకి అది అక్కర్లేదండి, ఫోన్లో రీల్ ఎడిట్ చేసుకునే వాళ్ళు ఎవరైనా ఇది చేసుకోగలరు, కాకపోతే లాప్‌టాప్ ముందు కూర్చుంటే పని తేలిగ్గా అవుద్ది.

మొదట డొమైన్, అంటే మీ సైటు అడ్రసు, డాట్ కామ్ లేదా డాట్ ఇన్. ఇది మీ జీమెయిల్‌తో, మీ ఫోన్ నంబర్‌తో, మీ అకౌంట్లోనే కొనాలి. ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే చాలా షాపుల డొమైన్లు సైటు చేసిన అబ్బాయి ఈమెయిల్ మీదే ఉండిపోతాయి, ఆ అబ్బాయి ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్ళిపోతాడు, మళ్ళీ డబ్బు కట్టమని వచ్చే రెన్యువల్ మెయిల్ అతనికి పోతుంది, ఇక్కడ సైటు ఆగిపోతుంది, బోర్డు మీద విజిటింగ్ కార్డు మీద వేయించిన అడ్రసు చేతిలోంచి పోతుంది. సైటు ఎవరు చేసినా పర్లేదు, డొమైన్ మాత్రం మీ దగ్గరే ఉండాలి. ఇంకోటి, మొదటి ఏడాది ఆఫర్ రేటు చూసి సంతోషపడకండి, రెండో ఏడాది రెన్యువల్ రేటు ఎంతో కొనేముందే చూడండి. ఆటో రెన్యువల్ పెట్టినా కార్డు మారితే పేమెంట్ ఫెయిలవుతుంది కాబట్టి ఫోన్లో రిమైండర్ కూడా పెట్టుకోండి.

తర్వాత సైటు ఎందులో తయారుచేసుకోవాలి అన్నది. షాపు వివరాలు, ఫోటోలు, రేట్లు, మ్యాప్ చాలు అనుకుంటే గూగుల్ సైట్స్ ఫ్రీ, మీ డొమైన్ కూడా దానికి తగిలించుకోవచ్చు. విక్స్ అని ఇలాంటిదే ఇంకోటి, అందులో డిజైన్లు అందంగా ఉంటాయి గానీ ఫ్రీ ప్లాన్‌లో వాళ్ళ యాడ్ కనపడుద్ది, సొంత డొమైన్ కావాలంటే డబ్బు కట్టాల్సిందే, పైగా రేపు వేరే చోటికి మారాలంటే సైటుని అక్కడినుంచి ఎత్తుకెళ్ళలేం. కార్టు, ఆన్‌లైన్ పేమెంట్, స్టాకు లెక్క అన్నీ కావాలంటేనే షాపిఫై లాంటివి చూడండి, లేకపోతే నెలనెలా కట్టే డబ్బు దండగ. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో, అంటే గూగుల్‌లో, మ్యాప్‌లో మీ షాపు వివరాలు కనపడే చోట, ఫ్రీ సైటు ఇచ్చేవాళ్ళు కదా, అది 2024 మార్చిలో ఆపేశారు, పాత వీడియోలు చూసి దానికోసం వెతక్కండి.

డొమైన్‌ని సైటుకి కలిపే దగ్గర మాత్రం కాస్త ఓపిక కావాలి, డొమైన్ కొన్న చోట డీఎన్ఎస్ అనే పేజీ ఉంటుంది, సైటు వాళ్ళు ఇచ్చిన లైన్ ఉన్నదున్నట్టు కాపీ చేసి అక్కడ పెట్టాలి, పనిచేయడానికి 48 గంటల దాకా పట్టొచ్చు, ఈలోపు కంగారుపడి మళ్ళీ మళ్ళీ మార్చకండి.

ఇప్పుడు అసలైన పని, సైటులో ఏం పెట్టాలి. కస్టమర్లు మీకు రోజూ ఫోన్ చేసి ఏం అడుగుతారో అవన్నీ ఒక కాగితం మీద రాయండి, అదే మీ సైటు. మగ్గం వర్క్ అయితే జాకెట్‌కి ఎంత నుంచి మొదలు, ఎన్ని రోజులు పడుద్ది, కొలతలకి రావాలా లేక పాత జాకెట్ పంపితే చాలా, ఆదివారం ఉంటారా. "రేటుకి ఫోన్ చేయండి" అని మాత్రం పెట్టకండి దయచేసి, చాలామంది చేయరు, ఇంకో షాపుకి పోతారు. ఫోటోలు పొద్దున పూట కిటికీ దగ్గర తీయండి, ట్యూబ్‌లైట్ కింద జర్దోసీ రంగే మారిపోద్ది. తీసినవి అలాగే ఎక్కించకుండా స్క్వూష్ (Squoosh) అనే ఫ్రీ సైటులో సైజు తగ్గించి ఎక్కిస్తే పేజీ త్వరగా తెరుచుకుంటుంది.

తెలుగు విషయం ఒకటుంది. డీటీపీ సెంటర్లో పాంప్లెట్‌కి టైప్ చేయించిన మేటర్ మామూలుగా అను ఫాంట్స్‌లో ఉంటుంది, అది సైటులో పేస్ట్ చేస్తే పిచ్చి పిచ్చి గుర్తులొస్తాయి, గూగుల్‌కీ అర్థం కాదు. ఫోన్లో ఉండే గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌తో యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్లో అయినా తెలుగులాగే కనపడే పద్ధతిలో, మళ్ళీ టైప్ చేసుకోండి, గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, మండలి లాంటి తెలుగు ఫాంట్లు ఫ్రీగా ఉన్నాయి.

వాట్సాప్ బటన్ ప్రతి పేజీలో ఉండాలి. లింక్ చాలా సింపుల్, డబ్ల్యూఏ డాట్ ఎంఈ స్లాష్ (wa.me/), ఆ తర్వాత 91, వెంటనే మీ పది అంకెల నంబరు, మధ్యలో ప్లస్సు గానీ సున్నా గానీ ఖాళీ గానీ పెట్టొద్దు. పేమెంట్ గేట్‌వే, అంటే సైటులోనే డబ్బు తీసుకునే ఏర్పాటు, కావాలనుకుంటే రిఫండ్, ప్రైవసీ, టర్మ్స్, కాంటాక్ట్ పేజీలు ముందే పెట్టుకోండి, అవి చూసిగానీ అకౌంట్ యాక్టివేట్ చేయరు.

సైటు రెడీ అయ్యాక గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో దాని లింక్ ఇవ్వండి, షాపు పేరు, అడ్రసు, నంబరు రెండు చోట్లా ఒకేలా ఉండాలి. జీమెయిల్‌కి, డొమైన్ అకౌంట్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఫోన్లో ఇంకోసారి అడిగే తనిఖీ, ఆన్ చేయండి.

ఇక చూసుకోవడం అంటే పెద్ద పనేం కాదు, రేటు మారిన రోజే సైటులో కూడా మార్చడం, నెలకోసారి వేరేవాళ్ళ ఫోన్లో తెరిచి బటన్లన్నీ నొక్కి చూడటం. కొత్త డిజైన్ల ఫోటోలకి మూఢం రోజులు వాడుకోండి, పెళ్ళిళ్ళుండవు కాబట్టి చేతిలో టైముంటుంది, శ్రావణం మొదలయ్యాక ఎలాగూ తీరదు.