గట్టి కర్ర గుంజలో స్క్రూ దిగకపోతే: సమస్య – పరిష్కారం

చిత్తూరు వైపు పశువుల కొట్టాలకూ మామిడి తోటల గేట్లకూ పాతిన చింత, నల్లతుమ్మ గుంజలు ఏళ్ల తరబడి ఎండకు ఎండి బిగుసుకుపోయి ఉంటాయి. అలాంటి గుంజకు మడతబందు బిగించబోయినప్పుడు స్క్రూ మొరాయిస్తే, కొత్తవారు తమ చేతిలో బలం చాలలేదని అనుకుంటారు. లోపం చాలాసార్లు బలంలో కాదు, ముందుగా వేయవలసిన రంధ్రంలో ఉంటుంది.

స్క్రూ సగం దిగి ఆగిపోవడం

మెత్తని మామిడి చెక్కలో స్క్రూ కర్రను పక్కకు నెట్టి తన చోటు తానే చేసుకుంటుంది. చింత చేవ, అంటే కర్ర లోపలి గట్టి భాగం, అలా జరగదు కనుక, స్క్రూ నడిమి కాడకు సరిపడే చోటును మనమే డ్రిల్‌తో తీసి, కాడ చుట్టూ తిరిగే మరలు మాత్రమే కర్రను కోసుకుంటూ వెళ్లేలా చేయాలి. డ్రిల్‌కు బిగించే బిట్‌ను స్క్రూకు ముందు పట్టుకొని చూస్తే కాడ మొత్తం దాని వెనుక దాగి, మరల అంచులు మాత్రం రెండు వైపులా కనిపించాలి. అదే సరైన కొలత. సుమారు 4.2 మి.మీ. మందం ఉండే 8 నంబరు స్క్రూకు గట్టి చేవలో 3 మి.మీ. రంధ్రం సరిపోతుంది. స్క్రూ ఎంత లోతుకు దిగాలో బిట్ మీద అంత దూరాన టేపు చుట్టుకొని, మధ్యమధ్యలో బిట్‌ను బయటికి లాగి పొట్టు రాల్చాలి, లేకపోతే ఆ పొట్టే లోపల బిగుసుకుంటుంది. మరలకు కొవ్వొత్తి మైనం రాస్తే రాపిడి తగ్గుతుంది. చాలామంది సబ్బు రాస్తారు గానీ, అది తేమను పట్టి ఉంచి స్క్రూను తుప్పు పట్టిస్తుంది కాబట్టి మైనమే మేలు.

డ్రిల్ తిరుగుతున్నా రంధ్రం పడక పొగ రావడం

ఇంట్లో గోడలకు వాడే డ్రిల్‌నే తెచ్చినప్పుడు ఇది తరచుగా జరుగుతుంది. గోడ బిట్ ముక్కు రాతిని పొడి చేయడానికి తగినదే తప్ప కర్రను కోయదు. కర్రకు పనికివచ్చే పదునైన బిట్ మార్చి, డ్రిల్ సుత్తిలా కొట్టేలా చేసే హ్యామర్ మీటను ఆపి, వేగం తగ్గించి నడపాలి.

స్క్రూ తల అరిగిపోవడం

స్క్రూను తిప్పే బిట్ దాని తల మీది గాడికి చిన్నదైనా, డ్రిల్‌ను వాలుగా పట్టుకున్నా గాడి చెక్కుకుపోతుంది. గాడిలో కదలకుండా కూర్చునే బిట్ ఎంచుకొని, వెనుక నుంచి నిటారుగా గట్టిగా నొక్కుతూ మెల్లగా తిప్పాలి. ఇప్పటికే అరిగి ఉంటే, తల బయట ఉన్నంతవరకు పటకారుతో పట్టి వెనక్కి తిప్పి తీయవచ్చు.

స్క్రూ విరిగిపోవడం

జిప్సమ్ పలకలకు వాడే నల్ల స్క్రూలు చవకగా దొరుకుతాయి కాబట్టి అందరూ వాటినే తెస్తారు. అవి పెళుసుగా ఉండి, గట్టి కర్రలో బిగుతు పెరగగానే తల దగ్గర పుటుక్కున తెగిపోతాయి. గేటు బరువు మోసే చోట వాటిని వాడనే కూడదు. ఇత్తడి స్క్రూ మెత్తనిది గనుక, ముందు అదే కొలత ఉక్కు స్క్రూను దించి, తీసి, ఆ దారిలో ఇత్తడిదాన్ని చేత్తో బిగించాలి. లోపల విరిగిన ముక్క కోసం గుంజను తవ్వడం కంటే, వీలుంటే బందును కొంచెం జరిపి కొత్త రంధ్రం వేయడమే మంచిది.

గుంజ చీలడం

గుంజ కొసకు మరీ దగ్గరగా, ఒకే నార గీత మీద వరుసగా స్క్రూలు దించితే కర్ర చీలుతుంది. కొసకు దూరంగా జరిగి, ఒకదానికొకటి కాస్త పక్కపక్కకు తప్పించి వేయాలి.

స్క్రూ చుట్టూ నల్లమచ్చ, వదులు

తుమ్మ వంటి కర్రలోని వగరు పదార్థం తడిలో ఇనుముతో కలిసి నల్లబడుతుంది. నవంబరు వానలకు తడిసే గుంజలకు స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు వాడాలి. రంధ్రం వదులైపోయిన చోట స్క్రూ తీసి, రంధ్రాన్ని పెద్దది చేసి, గట్టి కర్రతో చెక్కిన మేకును నీటికి తట్టుకునే జిగురుతో బిగించి, జిగురు పూర్తిగా ఆరాక అందులో మళ్లీ 3 మి.మీ. రంధ్రం వేసి స్క్రూ దించాలి.