కెమికల్ ట్యాంకర్ ఆగిపోయింది రమ్మని ఫోన్ వస్తే, హుక్ తగిలించే ముందు ఇవి చూస్కోండి

ఆగిపోయిన బండ్లని లాక్కెళ్ళే రికవరీ పని మనది. మామూలు లారీకైతే బండి ఎక్కడుంది, ఎన్ని టన్నులు, చక్రాలు తిరుగుతున్నాయా అని అడిగి బయల్దేరిపోతాం. పెట్రోలో గ్యాసో యాసిడో మోసే బండి అయితే ఇవన్నీ తర్వాత. ముందు లోపల ఏముంది, ఎంతుంది, ఎక్కడైనా కారుతోందా, ఎవరికైనా వాసన తగులుతోందా, ఇవి అడగాలి. ఫోన్ చేసినోడికి తెలియకపోతే బండి ఓనర్ నంబర్ తీస్కుని ఆయన్నే అడగండి, మొహమాటం వద్దు.

"ఖాళీ బండే అన్నా" అనే మాట మాత్రం అస్సలు నమ్మొద్దు. నన్నూ ఒకసారి అలాగే పిలిచారు, పెట్రోల్ దింపేసి తిరిగొస్తోంది, గేర్‌బాక్స్ పోయింది, లాక్కెళ్తే చాలు అన్నారు. నేనూ తేలిగ్గానే తీస్కున్నా. మా హెల్పర్ చైన్ భుజాన వేస్కుని బండి కిందకి దూరబోతుంటే నా చేతిలో గ్యాస్ మీటర్ (గాలిలో మండే ఆవిరి ఉంటే పసిగట్టేది) కీచుమని అరవడం మొదలెట్టింది, వాణ్ణి కాలర్ పట్టి వెనక్కి లాగా. తీరా చూస్తే కింద వాల్వు సరిగ్గా మూయలేదు, చుక్క చుక్క పడుతోంది. ఆ ఇనుప చైన్ రోడ్డు మీద పడి ఒక్క నిప్పురవ్వ లేస్తే సరిపోయేది. గాలిలో పెట్రోల్ ఆవిరి 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. నిండు ట్యాంకులో ఆవిరికి చోటే తక్కువ, దింపేసిన ట్యాంకులో అడుగున మిగిలిన నాలుగు లీటర్లు ఆవిరై గాలితో కలిసి ఉంటాయి. అందుకే లోపల కడిగించి గ్యాస్ లేదని రాసిచ్చిన కాగితం చూపించేదాకా అది లోడు బండి కిందే లెక్క. బండి మీద వజ్రం ఆకారంలో ఉండే ప్రమాద బోర్డులు కూడా అప్పటిదాకా పీకకూడదు.

లోపల ఏముందో దూరం నుంచే చదవొచ్చు. బోర్డు మీద సరుకు ఏంటో చెప్పే నాలుగంకెల యూఎన్ (ఐక్యరాజ్యసమితి) నంబర్ ఉంటుంది, అది ప్రపంచమంతా ఒకటే. 1203 పెట్రోల్, 1202 డీజిల్, 1075 ఎల్పీజీ, 1005 అమ్మోనియా, 1017 క్లోరిన్, 1830 సల్ఫ్యూరిక్ యాసిడ్. చాలా దేశాల్లో ఆరెంజ్ ప్లేటు మీద దీనికి పైన ఇంకో నంబర్ కూడా ఉంటుంది, 33 అంటే బాగా మండే ద్రవం, 23 అంటే మండే గ్యాస్. ఆ నంబర్ ముందు ఎక్స్ అక్షరం ఉంటే నీళ్ళు తగిలితే ఇంకా ప్రమాదం అని అర్థం, అప్పుడు కంగారులో బకెట్ తీస్కుని పరిగెత్తకండి. నా బండిలో ఒక పాత బైనాక్యులర్ ఉంటుంది, మావాళ్ళు నవ్వుతుంటారు కానీ బోర్డు చదవడానికి దగ్గరికి పోనక్కర్లేకుండా అదే నన్ను చాలాసార్లు కాపాడింది.

మన బండి ఎక్కడ ఆపాలన్నది అన్నిటికంటే ముఖ్యం. గాలి మన వెనక నుంచి ట్యాంకర్ వైపు వీస్తూ ఉండాలి, మనం ఎత్తు మీద ఉండాలి. పెట్రోల్ ఆవిరి, ఎల్పీజీ రెండూ గాలికంటే బరువు, నేల మీద పాకుతూ కాలవల్లోకి, పల్లంలోకి దిగుతాయి, కంటికి కనపడవు. అత్యవసర సిబ్బంది వాడే గైడుబుక్కులో దూరాలు ఇలా ఉంటాయి: పెట్రోల్ కారితే చుట్టూ కనీసం 50 మీటర్లు, ఎల్పీజీ లీకైతే 100 మీటర్లు, పెట్రోల్ ట్యాంకర్ అంటుకుంటే 800 మీటర్లు, ఎల్పీజీ ట్యాంకర్ అంటుకుంటే 1600 మీటర్లు. అంటే మంట కనపడితే మన పని అయిపోయినట్టే, అది ఫైర్ వాళ్ళ పని.

ఇంకోటి, చాలామంది డ్రైవర్లకి తెలీదు. మన రికవరీ బండిది డీజిల్ ఇంజన్ కదా, చుట్టూ గ్యాస్ ఆవిరి ఉంటే ఇంజన్ దాన్ని గాలితో పాటు పీల్చేసుకుని అదే ఇంధనంగా రేస్ అయిపోతుంది, తాళం తీసేసినా ఆగదు, అరుస్తూ అరుస్తూ పగిలిపోవడమో నిప్పు కక్కడమో జరుగుతుంది. మీ ఇంజన్ శబ్దం దానంతటదే పెరుగుతోందంటే మీరు గ్యాస్ మధ్యలో ఉన్నారని, బండి వదిలేసి గాలికి ఎదురుగా పరిగెత్తండి.

జనం సంగతి కూడా చూడాలి. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లో అహ్మద్‌పూర్ ఈస్ట్ దగ్గర ట్యాంకర్ బోల్తా పడితే కారుతున్న పెట్రోల్ పట్టుకోవడానికి జనం బిందెలు, డబ్బాలతో వచ్చారు, అంటుకుని 200 మందికి పైగా చనిపోయారు. పోలీసులొచ్చి రోడ్డు మూసేదాకా నేనైతే క్రేన్ దించను. ఫైర్ ఆఫీసరూ, సరుకు గురించి తెలిసిన కంపెనీ మనిషీ ఇద్దరూ సరే అనాలి. ట్రాఫిక్ జామ్ అయింది తొందరగా తియ్యి అని ఎవరు అరిచినా సరే.

బోల్తా పడిన లోడు ట్యాంకర్‌ని అలాగే లేపొద్దు. ముందు వేరే ట్యాంకర్‌లోకి సరుకు ఎక్కించాలి, దానికి నిప్పురవ్వ రాని పంపు, రెండు ట్యాంకర్లని కలుపుతూ ఎర్త్ వైరు కావాలి, ఎందుకంటే పైపులో పెట్రోల్ పారుతుంటేనే కరెంటు పుడుతుంది. పెట్రోల్ ట్యాంకులు రేకువి, లోడుతో ఒకవైపు నుంచి లాగితే డబ్బా నొక్కుకున్నట్టు నొక్కుకుంటాయి. వెడల్పు బెల్టులు కనీసం రెండు చోట్ల, ట్యాంకు లోపల అడ్డుగోడలు ఉండే చోట వెయ్యండి, వీలుంటే ఎయిర్ బ్యాగులతో లేపండి. నిచ్చెనకి, వాల్వుకి, పైపుకి, మ్యాన్‌హోల్ మూతకి హుక్ వేసేవాళ్ళని చూశా, దండం పెట్టాలి వాళ్ళకి.

గ్యాస్ ట్యాంకర్‌ది ఇంకో కథ, ప్రెషర్ మీద ఉంటుంది కాబట్టి రేకు మీద సొట్టా గీతా రెండూ ఒకేచోట ఉంటే అక్కడే పగలొచ్చు, అదీ వెంటనే కాదు. అమెరికాలో టెనెసీలోని వేవర్లీలో 1978 ఫిబ్రవరి 22న రైలు పట్టాలు తప్పింది, దెబ్బతిన్న ప్రొపేన్ ట్యాంకుని పక్కకి జరిపారు, రెండ్రోజులు ఏమీ కాలేదు, 24న సరుకు తియ్యడానికి సిద్ధమవుతుంటే ఎండకి ప్రెషర్ పెరిగి పగిలిపోయింది, 16 మంది పోయారు. కాబట్టి సొట్ట పడ్డ గ్యాస్ ట్యాంకుని ఒక్క అడుగు లాగాలన్నా దాన్ని చెక్ చేసే ఇంజినీర్ చూడాల్సిందే.

ఇక బండి నిలబడే ఉంది, లీకు లేదు, లాక్కెళ్ళాలి అంతే అనుకుందాం. ఇంజన్ ఆపి బ్యాటరీ కటాఫ్ స్విచ్ తిప్పించండి, మీటర్‌తో కింద, వాల్వుల దగ్గర, రెండు బండ్ల మధ్య చూడండి, అంటుకునే కనీస హద్దులో పదో వంతుకి, అంటే మీటర్ మీద 10 శాతానికి, రీడింగ్ చేరిందంటే ఆపేసి బయటికి రావడమే. బీడీ, సిగరెట్, సెల్‌ఫోన్ దూరంగా. గ్యాస్ కటింగ్, గ్రైండర్ ఊసే ఎత్తొద్దు, బోల్టు రాకపోతే సుత్తితో కొట్టడం కూడా వద్దు.

గాలి దిగిపోయిన ఎయిర్ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. మన బండి నుంచి ఎయిర్ లైన్ ఇచ్చి వదిలించండి, కుదరకపోతే చక్రాలకి చెక్కలు పెట్టాకే బ్రేక్ చాంబర్ బోల్టు తిప్పి స్ప్రింగ్ కట్టెయ్యాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేసి కట్టెయ్యండి, లేకపోతే గేర్‌బాక్స్ వేడెక్కుతుంది. బయల్దేరాక ఓ కిలోమీటర్ లోపే ఆపి ప్రతి చక్రం దగ్గరా చెయ్యి పెట్టకుండా దగ్గరగా చూపి వేడి చూడండి, ఒక్క బ్రేకు పట్టేసి ఉన్నా డ్రమ్ము కాలి టైరు అంటుకుంటుంది, పైన ఏముందో తెలుసుగా.

ముందు భాగం అవసరమైనంతే ఎత్తండి. సగం నిండిన ట్యాంకుని ఎత్తితే ద్రవం మొత్తం వెనక్కి పోతుంది, బరువు లెక్క మారిపోతుంది. బ్రేక్ వేసినప్పుడూ అంతే, మన బండి ఆగాక ఒక్క క్షణం ఆలస్యంగా లోపలి ద్రవం ముందుకి వచ్చి గుద్దుతుంది, మొదటిసారి ఎవరో వెనకనుంచి కొట్టారనుకున్నా. నేను 40 దాటను, సొరంగాలు, సంత జనం ఉన్న రోడ్లు తప్పించి పోతా, వెనక ఎస్కార్ట్ బండి లేకుండా కదలను. మధ్యలో టీకి ఆగడాలు లేవు.

దించేది మన షెడ్‌లో కాదు, ఆ కంపెనీ డిపోలోనే. అదే ట్యాంకర్ కాకుండా కాలిన ఎలక్ట్రిక్ కారు, అంటే లిథియం బ్యాటరీ బండి అయితే నాలుగు చక్రాలూ నేలకి తగలకుండా ఫ్లాట్‌బెడ్ మీద తేవాలి, దించాక చుట్టూ 15 మీటర్లు ఖాళీ వదలండి, రోజుల తర్వాత కూడా మళ్ళీ అంటుకుంటాయి.

యాసిడ్ బండి లాగి వస్తే చైన్లు కడిగేసి ఊరుకోకండి, యాసిడ్ తగిలితే ఉక్కు లోలోపలే పెళుసెక్కొచ్చు, చెక్ చేయించాకే మళ్ళీ వాడండి. నైలాన్ బెల్టుకి యాసిడ్ తగిలితే లోపల పోగులు తినేస్తుంది, పైకి బానే కనిపిస్తుంది. మేము అలాంటి బెల్టుని కత్తితో రెండు ముక్కలు చేసి పారేస్తాం, ఎవడైనా తీసి మళ్ళీ వాడతాడేమోనని.