చిన్న నీటి పథకంలో తాగునీరు సురక్షితంగా ఉండాలంటే ఏం చేయాలి?

ఒక బోరు, ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు, వందో రెండొందలో ఇళ్లు. ఇలాంటి పథకాల్లో నీళ్ల సంగతి చూసుకునేది చాలాసార్లు ఒక్కరే. మోటారు వేయాలన్నా, వాల్వు తిప్పాలన్నా, పగిలిన పైపుకు అతుకు వేయాలన్నా ఆ ఒక్కరే. ఈ హడావుడిలో అన్నిటికన్నా ముందు వాయిదా పడేది నీటి పరీక్ష. అసలు వాయిదా వేయకూడనిది అదే.

నీళ్లు వచ్చే దారి వెంట నడవండి

బోరు దగ్గర మొదలుపెట్టి చివరి కుళాయి దాకా వెళ్లండి. కేసింగ్ (బోరులో దింపిన పైపు) చుట్టూ ఉన్న సిమెంటు గట్టు పగిలిందా? అక్కడ వాననీరు నిలుస్తోందా? దగ్గర్లో మరుగుదొడ్డి గుంత గానీ పశువుల పాక గానీ ఉందా? ట్యాంకు మూత గట్టిగా పడుతోందా, ఓవర్‌ఫ్లో పైపుకు మెష్ ఉందా అన్నవీ చూడండి. మురుగు కాలువ గుండా వెళ్లే పైపుల మీద ప్రత్యేకంగా కన్నేయాలి. నీళ్లు వదలని వేళ పైపులో ఒత్తిడి ఉండదు. అప్పుడు చిన్న చిల్లున్నా చాలు, బయటి మురుగు లోపలికి వచ్చేస్తుంది. లీకేజీ అంటే నీళ్లు వృథా కావడం ఒక్కటే కాదు.

క్లోరిన్ లెక్కగా కలపండి

గుప్పెళ్లతో కొలిచి వేయడం మానేయండి. 20,000 లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 40 గ్రాముల క్లోరిన్ కావాలి. బ్లీచింగ్ పౌడర్‌లో 25 శాతం క్లోరిన్ ఉంటే 160 గ్రాముల పౌడర్ అన్నమాట. అయితే బస్తా విప్పి తేమ తగిలేలా వదిలేస్తే పౌడర్ బలం తగ్గిపోతుంది. నెలల తరబడి మూలన పడి ఉన్న పౌడర్‌తో ఈ లెక్క కుదరదు.

గ్లవ్స్ వేసుకుని, ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లు పోసి అందులో పౌడర్ కలపండి. మడ్డి అడుక్కి దిగాక పైన తేరిన నీటినే ట్యాంకులో పోయాలి. కనీసం 30 నిమిషాలు ఆగాకే నీళ్లు వదలండి. నీళ్లు బురదగా ఉంటే ముందు వడపోత చూసుకోవాలి. మట్టి క్లోరిన్‌ను తినేస్తుంది, క్రిములకు చాటుగానూ ఉంటుంది.

చివరి కుళాయి దగ్గర కొలవండి

నన్నడిగితే మొత్తం పనిలో ఇదే కీలకం. ట్యాంకు కింద క్లోరిన్ బాగానే కనిపిస్తుంది, లైను చివర సున్నా ఉండొచ్చు. అందుకే లైను చివరి ఇంటికి వెళ్లండి. మెయిన్ పైపు నుంచి నేరుగా వచ్చే కుళాయే కావాలి. ఆ ఇంటి సంపులోంచో మిద్దె మీది ట్యాంకులోంచో వచ్చే నీళ్లు పరీక్షకు పనికిరావు. కాసేపు నీళ్లు వదిలేసి, క్లోరిన్ పరీక్ష కిట్‌లోని గొట్టంలో గీత దాకా పట్టి, డీపీడీ మాత్ర (క్లోరిన్ ఉంటే నీటికి గులాబీ రంగు తెచ్చేది) వేసి కలపండి. గులాబీ రంగు వస్తే వెంటనే కిట్‌లోని రంగుల చార్ట్‌తో పోల్చండి. రంగు ఒక్క క్షణం వచ్చి మాయమైతే క్లోరిన్ మరీ ఎక్కువై ఉండొచ్చు. ఆ నీటినే పలుచన చేసి మళ్లీ చూడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం ఇంటికి చేరే చోట లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. నిన్నటిదాకా సరిగ్గా ఉన్నది ఇవాళ ఉన్నట్టుండి పడిపోయిందంటే, దారిలో ఎక్కడో మురుగు కలుస్తోందేమో వెతకండి. మోతాదు పెంచేసి ఊరుకోవద్దు.

కొలిచిందే రాయండి

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ అనే చిన్న పట్టణం ఉంది. 2000 మే నెలలో భారీ వర్షాలకు పశువుల పేడ నీరు అక్కడి ఒక బావిలోకి చేరింది. 7 మంది చనిపోయారు, 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. సిబ్బంది కొలవకుండానే రిజిస్టర్‌లో క్లోరిన్ 0.5, 0.75 అని రాస్తూ వచ్చారని విచారణలో తేలింది. రోజూ నిజంగా కొలిచి ఉంటే ఆ నష్టం చాలావరకు తగ్గేది. కాబట్టి తేదీ, టైమ్, కుళాయి ఉన్న చోటు, రీడింగ్, కొలిచినవారి సంతకం తప్పకుండా ఉండాలి. సున్నా కనిపిస్తే సున్నా అనే రాయండి. తనిఖీ వాళ్లు ఏమంటారోనన్న టెన్షన్‌తో అంకె మార్చొద్దు.

ల్యాబ్ పరీక్షలు

ఎన్నాళ్లకోసారి పంపాలన్నది మీ పథకాన్ని పర్యవేక్షించే శాఖ నిబంధనల్లో ఉంటుంది. ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ సీసానే వాడండి, దాన్ని కడగొద్దు. అందులో క్లోరిన్‌ను విరిచే మందు ఉంటుంది. మూత లోపలి వైపు వేలు తగలనివ్వకుండా నీళ్లు పట్టి, ఐస్ బాక్సులో పెట్టి వీలైనంత త్వరగా చేర్చండి. 100 మిల్లీలీటర్లలో ఈ-కోలి (నీటిలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) అసలు ఉండకూడదు. ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ కూడా చూపించాలి, వాటిని క్లోరిన్ ఏమీ చేయలేదు.

రిపోర్టు తేడాగా వస్తే

ఈ-కోలి కనిపిస్తే రెండో రిపోర్టు కోసం ఎదురుచూడొద్దు. తాగే నీళ్లు తెర్లేదాకా మరిగించుకోమని అదే రోజు ఇంటింటికీ చెప్పండి, సంబంధిత శాఖకూ తెలపండి. సమస్య నైట్రేట్ అయితే మాత్రం మరిగించమని చెప్పకూడదు. నీరు ఆవిరై నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది, పసిపిల్లలకు అది ప్రమాదం. వాళ్లకు వేరే నీళ్లు ఏర్పాటు చేయాలి. లోపం సరిచేసి, లైన్లు కడిగి, క్లోరిన్ పట్టించాక వేర్వేరు కుళాయిల నుంచి మళ్లీ నమూనాలు పంపండి. అవన్నీ బాగున్నాయని రిపోర్టు చేతికి వచ్చాకే, ఇక మరిగించక్కర్లేదని ఇంటింటికీ మళ్లీ వెళ్లి చెప్పండి.