నాటకానికి అందరూ రావాలంటే

మా అమ్మకి పద్య నాటకాలంటే ప్రాణం. వీల్‌చైర్‌లోకి వచ్చాక ఒకసారి ఒక హాలుకి తీసుకెళ్లాను. ఏడు మెట్లు. నలుగురు కుర్రాళ్లు కుర్చీతో సహా ఎత్తారు. అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇంక నాటకాలకి రానంది. అందుకే మా కళాసమితి హాలు బాగుచేసేటప్పుడు ముందు ర్యాంపు పని పట్టుకున్నాం.

మెట్ల మీద చెక్క పరిస్తే ర్యాంపు కాదు. అడుగు ఎత్తుకి కనీసం 12 అడుగుల పొడవు కావాలి. మా మెట్ల ఎత్తు మూడున్నర అడుగులు, అంటే 42 అడుగుల ర్యాంపు. అంత చోటు లేక మధ్యలో మలుపు తిప్పి, అక్కడ కుర్చీ తిరగడానికి ఐదడుగుల చదును వదిలాం. రెండు వైపులా రెయిలింగ్, కింద గరుకు టైల్స్. నున్నటి గ్రానైట్ వద్దు, వానకి జారుతుంది.

లోపల వరసల్లో అక్కడక్కడా సీట్లు తీసేయండి. వీల్‌చైర్లన్నీ వెనక గోడకి చేర్చకండి, పక్కన ఇంట్లోవాళ్లు కూర్చోవాలి కదా. బాత్రూం తలుపు మూడడుగులుండి బయటికి తెరుచుకోవాలి.

వినపడని వాళ్ల కోసం సైన్ లాంగ్వేజ్ (చేతి సైగల భాష) చెప్పే మనిషిని పెడితే, స్టేజి చీకటైనా ఆ చేతుల మీద, ముఖం మీద లైటు ఉండాలి.

చూపులేని వాళ్లని అరగంట ముందే రమ్మని కిరీటం, భుజకీర్తులు, గద చేతికివ్వండి. ఒక పిల్లాడు దుర్యోధనుడి గద ఎత్తి "ఇంత తేలికా!" అన్నాడు. వేషధారులు అక్కడే తలో పద్యం ఎత్తుకుంటే నాటకంలో గొంతులు గుర్తుపడతారు.

పోస్టర్ మీద "ర్యాంపు ఉంది" అని పెద్ద అక్షరాల్లో వేయించండి. అది చూసే అమ్మ మళ్లీ బయల్దేరింది.